గిటారు పట్టిన పిల్లవారు



వికారాబాదునుండి తాండూరు పోవు రైలుమార్గమున ధారూరు కలదు. ఆ ప్రాంతపువారికి ఆ ఊరి పేరు చెప్పగానే రెండు సంగతులు జ్ఞప్తికి వచ్చును. ఒకటి కందిచేను. రెండవది నవంబరు మాసమున ఏటేట జరుగు మెథడిస్టు క్రైస్తవుల జాతర. ఆ జాతరకు బండ్లు కట్టుకొని వచ్చు కాలము పోయి ఆటోలును, ట్రాక్టరులును వచ్చినవి గాని, చెట్ల నీడను గుడారములు వేసికొని దినముల తరబడి కుటుంబములతో నిలుచుట మానలేదు. మతమేదైనను ఆ చుట్టుపట్టుల వారందరును ఒక్కసారియైన చూచి వచ్చెడి జాతర అది.

పూర్వము అట్టి కూటములలో కీర్తన పాడవలెనన్న హార్మోనియము, తబలా, తాళములు ఉండెడివి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మన రాగములలో, మన తాళములలో కట్టబడినవి కనుక వానికి ఆ వాద్యములే చాలుచుండెను. ఇప్పుడు వేదికపై గిటారులు నిలిచినవి. పిల్లవారు నలుగురు చేరి మెడలకు పట్టీలు తగిలించుకొని, తంత్రులు మీటుచు, పెద్ద పెట్టెలలోనుండి ధ్వని వెడలించుచున్నారు. ముందు వరుస పిల్లలు చప్పట్లు కొట్టుచుందురు. వెనుక వరుస పెద్దలు చెవులు మూసికొనుచుందురు.

అట్లు చెవులు మూసికొన్న పెద్దలలో ఒకరు నన్నొక ప్రశ్న వేసిరి. ఆయన మనుమడు ఇంటరు చదువుచున్నాడు. గిటారు కొనిపెట్టుమని తాతగారి ప్రాణము తీయుచున్నాడు. వాడును, వాని స్నేహితులు ముగ్గురును కలిసి ఒక బృందము కట్టుదురట. పాటలు తామే కట్టి రికార్డు చేయుదురట. తాతగారి మాటలు ఆయన పలికినట్లే చెప్పుచున్నాను: “గా డబ్బా వాయించుకుంట ఎన్ని దినాలు బతుకుతడు సారూ? అది సంగీతమేనా, ఉత్త లొల్లేనా?”

ఆ దినమున నాకు సరియైన సమాధానము తోచలేదు. ఆ ప్రశ్నకు నేటి ప్రసంగమున బదులు చెప్పుటకు యత్నించెదను.

ముందు ఆ వాద్యమేమో చూతము. గిటారునకు ఆరు తంత్రులు. వీణకువలెనే మెట్లున్నవి, కాని వీణ మెట్లు మైనముపై నిలిపినవి, గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టిన లోహపు కడ్డీలు. మన సంగీతమున స్వరము వెంట స్వరము నడచును. ఆ నడకలోని కంపమే, జారే మనకు ప్రాణము. పాశ్చాత్య సంగీతమున స, గ, ప వంటి మూడు నాలుగు స్వరములను ఒక్కుమ్మడిగా పలికింతురు. దానిని కార్డు అందురు. బృందమున ఒకడు ఈ కార్డులను లయకు తగినట్లు మీటుచుండును. ఇంకొకడు వాని నడుమ స్వరపంక్తులను అల్లును. మూడవవాడు లావు తంత్రులుగల గిటారుపై మంద్రస్థాయిని నడుపును. నాలుగవవాడు డ్రమ్ములు వాయించును. మన భజనమండలిలో ముందు పాడువాడు, వంత పాడువారు, డోలకు, తాళములు ఉన్నట్లే. ఒకడు తప్పినచో అందరును తప్పుదురు. తాతగారు విన్న లొల్లి అదియే అయియుండును: నలుగురును నాలుగు దారులు పట్టిన భజన.

ఆ లొల్లి సంగీతమగుట ఎట్లు? ఇందులకు ప్రపంచమున మిక్కిలి వివరముగా తెలిసిన ఉదాహరణము ఒకటి కలదు. అది మన దేశమునకు దూరమైనది. కాని ఆ కథయు ఒక చర్చి ఉత్సవములోనే ఆరంభమైనది కనుక ధారూరువారికి అంత పరాయిదిగా తోచదు.

ఇంగ్లాండు దేశమున లివర్‌పూలు అను రేవుపట్టణము కలదు. 1957వ సంవత్సరము జూలై 6వ తేదీన, ఆ పట్టణపు ఊల్టన్ పేటలోని సెయింట్ పీటరు చర్చి ఉత్సవమున జాన్ లెన్నన్ అను పదునారేండ్ల బాలుడు తన స్నేహితులతో కలిసి పాడెను. వారి వాద్యములను విన్నచో మీరు నవ్వుదురు. టీ ఆకు వచ్చెడి కొయ్యపెట్టెకు కఱ్ఱ తగిలించి త్రాడు కట్టినది ఒకటి. బట్టలుతుకు రేకు మరొకటి. ఆ కాలమున ఇంగ్లాండు పిల్లవారందరికిని పట్టిన వెఱ్ఱి అది. కాసులేనివాడును పాడగల సంగీతము. జానునకు గిటారు శ్రుతిచేయుట కూడ సరిగా రాదు. తల్లి తనకు తెలిసిన బాంజో పద్ధతి నేర్పగా, గిటారును బాంజోవలె శ్రుతిచేసి మీటుచుండెను. పాట మాటలు తెలియనిచోట తనకు తోచిన మాటలు చేర్చి పాడుచుండెను.

నాడు వినవచ్చినవారిలో పదునైదేండ్ల పాల్ మెకార్ట్నీ ఉండెను. పాట ముగిసిన పిమ్మట వీరిద్దరికిని పరిచయమైనది. పాల్ గిటారును సరిగా శ్రుతిచేసి చూపి, ఒక పాటను తుదిమొదలు మాట తప్పక పాడెను. జానునకు సందేహము కలిగినది: తనకంటె ఎక్కువ తెలిసినవానిని చేర్చుకొనిన తన పెద్దరికము పోవును, చేర్చుకొననిచో బృందము పెరుగదు. చేర్చుకొనెను. ఆ వయసున ఆ నిర్ణయము చేయగలుగుట చిన్న సంగతి కాదు. మన గ్రామసంఘములలో నెరసిన తలలకే అది కష్టముగా నున్నది.

మఱుసటి యేడు జార్జి హారిసన్ వచ్చెను. వాడు మరియు చిన్నవాడు, పదునైదేండ్లకు లోబడినవాడో నిండినవాడో. జానునకు వాని పసితనము నచ్చలేదు గాని చేతివేళ్లు నచ్చినవి. వీరికి గురువు లేడు; గ్రంథము లేదు. పట్టణపు ఆవలి కొసన ఎవనికో బి-సెవెన్ అను కార్డు వచ్చునని విని, బస్సులెక్కి పోయి, ఆ ఒక్క కార్డు నేర్చుకొని తిరిగివచ్చిరట. ఆ సంగతి పాల్ పెద్దవాడైన తరువాత చెప్పుకొనెను. 1958లో తమ చేతి డబ్బుతో ఒక ఇంటిలోని చిన్న రికార్డింగు గదికి పోయి రెండు పాటలు పలకపై ఎక్కించిరి. పలక ఒక్కటే. కనుక ఒక్కొక్కరు కొన్ని దినములు తమ ఇంట ఉంచుకొని, తరువాతివానికి అందించుచుండిరి.

ఇక ఆ ఇండ్లను చూడుడు. తాతగారి ప్రశ్నకు సగము సమాధానము అక్కడనే ఉన్నది.

జాను తన పెద్దమ్మ మిమీగారి ఇంట పెరిగెను. ఆమె కట్టుబాటుగల మనిషి. గిటారు వేడుకకు మంచిదే గాని దానితో బ్రతుకుతెరువు దొరకదని ఎల్లప్పుడు చెప్పుచుండెడిదట. అచ్చముగా మన తాతగారి మాటయే. అయినను ఆమె గిటారును విరుగగొట్టలేదు. ఇంటిలో చప్పుడు సహింపలేక ముందరి అద్దాల పంచలోనికి పోయి వాయించుకొనుమని పంపెను. పాల్ ఇంటి సంగతి వేరు. వాని తల్లి 1956లో మరణించెను. తండ్రి జిమ్‌గారు ప్రత్తి వ్యాపారమున గుమాస్తాగిరి వంటి ఉద్యోగము చేయుచు ఇద్దరు పిల్లలను సాకెను. ఆయన యౌవనమున తానే ఒక చిన్న జాజ్ బృందము నడిపినవాడు. కుమారునకు ఆయన కొనిపెట్టినది ట్రంపెటు. వాడు దానిని మార్చి గిటారు తెచ్చుకొనెను. తండ్రి కోపగించలేదు. ఆ ఇంటి ముందుగది పిల్లవారి సాధనకు తెరచియుండెను. జార్జి తల్లి లూయిసుగారు కుమారుడు వేళ్లు పుండ్లు పడి విసిగినపుడు రాత్రులు ప్రక్కన కూర్చుండి, ఇంకొకమారు వాయించుమని ఓపికతో చెప్పుచుండెను. ఒక ఇంట మందలింపు, ఒక ఇంట తెరచిన తలుపు, ఒక ఇంట తోడు. మూడిండ్లలోను పిల్లవానికి కూర్చుండుటకు ఒక మూల మాత్రము దొరకినది.

1958 జూలైలో జాను తల్లి మోటారు తగిలి చనిపోయెను. తల్లిలేనితనము ఇద్దరిని దగ్గరచేసినదని ఆ బృందమును గూర్చి వ్రాసినవారు పలువురు చెప్పుదురు. ఆ మాట నేను నమ్ముదును.

అయినను 1960 వేసవినాటికి వీరు సాధారణమైన బృందమే. లివర్‌పూలులో అంతకంటె బాగుగా వాయించు బృందములు ఉండెను. అప్పుడు జర్మనీలోని హాంబర్గు రేవునుండి పిలుపు వచ్చినది. పిలిచిన చోటు గౌరవమైనది కాదు. నావికులు త్రాగి తగవులాడు విడుదులు. ఆగస్టు మాసమున ఐదుగురు పోయిరి. సినిమాహాలు వెనుక, వెలుతురు సోకని గదిలో నిదురించిరి. వారపుదినములలో రాత్రికి నాలుగున్నర గంటలు, సెలవుదినములలో ఆరు గంటలు వాయించవలెను. లివర్‌పూలులో వారు ఒక గంటకు మించి పాడి ఎఱుగరు. వచ్చిన పాటలు త్వరలోనే అయిపోయినవి. క్రొత్తవి నేర్చిరి, ఉన్నవానిని సాగదీసిరి, గొంతు పోయినవాడు ప్రక్కవానికి పాట అందించెను. విడుది యజమాని క్రిందనుండి అరచుచుండెను. శ్రోతలు త్రాగి మాటలాడుకొనుచుండగా వారి తలలను తమవైపు త్రిప్పుకొనవలెను.

ఏడు దినములు రేయింబవళ్లు ఎడతెగక జరుగు సప్తాహభజన చూచినవారికి ఇందలి రహస్యము తెలియును. మొదటి రాత్రి తాళము తప్పినవాడు నాలుగవ రాత్రి నిద్రలో సైతము తప్పడు. ఒకరి ఊపిరి ఒకరికి తెలియును. ఎవడు ఎక్కడ ఆగునో, ఎవడు ఎక్కడ ఎత్తుకొనునో కనుసైగ అక్కరలేకయే అందును. ఈ పిల్లలకు సప్తాహము ఏడు దినములు కాదు, మూడు నెలలకు పైగా నడచినది. జార్జికి ఇంకను పదునెనిమిదేండ్లు నిండలేదని జర్మనీ అధికారులు కనుగొని వెనుకకు పంపువఱకు నడచినది. ఆ తరువాతను వారు పలుమారులు అక్కడికి పోయివచ్చిరి. వారు చెడు సహవాసము చూడలేదని నేను చెప్పను. చూచిరి. ఏ పెద్దమనిషియు తన మనుమని అట్టిచోటికి పంపుమని నేను సలహా ఇయ్యను. కాని ఆ గంటలు లేకున్నచో ఆ సంగీతము లేదు.

1960 డిసెంబరు 27వ తేదీన లివర్‌పూలు చేరువలోని లిథర్లాండు పురమందిరమున వారు వాయించినప్పుడు జనము వేదికవైపు త్రోసికొని వచ్చిరి. హాంబర్గునుండి వచ్చిరని ప్రకటించుటచే వారిని జర్మనులనుకొన్నవారును ఉండిరట. నాలుగు నెలల క్రిందట ఎవరును పట్టించుకొనని మన ఊరి పిల్లలే వీరని తెలియుటకు కొంత తడవు పట్టినది. పిదప కేవర్న్ అను నేలమాళిగలో మధ్యాహ్నములును రాత్రులును, రెండు మూడేండ్లలో దాదాపు మూడువందల పర్యాయములు వాయించిరి. పాల్ తండ్రి మధ్యాహ్నపు విరామమున అక్కడికి వచ్చి, రాత్రి వంటకు తాను కొనిన మాంసమును కుమారుని చేతికిచ్చి, ఎట్లు వండవలెనో చెప్పిపోవుచుండెనట. ఈ చిన్న సంగతి నాకు మిక్కిలి ఇష్టము.

రికార్డు మాట ఇప్పుడు వచ్చును. 1962 జనవరి 1వ తేదీన డెక్కా అను గొప్ప కంపెనీవారు వీరిచేత పదునైదు పాటలు పాడించుకొని, అక్కరలేదని త్రిప్పి పంపిరి. వారి కార్యకర్త బ్రయన్ ఎప్‌స్టైనుగారు గ్రామఫోను పలకల దుకాణము నడుపు యువకుడు. పట్టు వదలక కంపెనీల గుమ్మములు త్రొక్కెను. తుదకు జార్జి మార్టిను అను సంగీతజ్ఞుడు వినుటకు ఒప్పుకొనెను. అప్పటికి నలుగురు మిగిలిరి. ఆ యేడు ఆగస్టులో డ్రమ్ములకు రింగో స్టార్ వచ్చి చేరెను. పూర్వపు డ్రమ్ములవాడు తొలగింపబడెను. ఆ తొలగించిన తీరు దయగలది కాదు. అక్టోబరులో తొలి చిన్న పలక వెలువడినది. రెండవ పలకకై తెచ్చిన పాట మందగమనముగా నుండగా, వేగము పెంచుడని మార్టినుగారు చెప్పిరి. పిల్లలు చెప్పినట్లు చేసిరి. ఆ పాటయే వారి పేరు దేశమంతట మ్రోగించినది. తమకంటె తెలిసిన చెవి చెప్పినప్పుడు వినుట, ఆనాడు చర్చి తోటలో జాను నేర్చిన పాఠమే.

అంతట పెద్ద పలక, అనగా ఆల్బము, వేయవలసి వచ్చినది. ఒక్కొక్క వైపున ఏడు చొప్పున పదునాలుగు పాటలు. నాలుగు పాటలు మునుపే చిన్న పలకలపై ఉన్నవి, పది కావలెను. 1963 ఫిబ్రవరి 11వ తేదీ, సోమవారము, లండనులోని ఆబీ రోడ్డు స్టూడియోలో ఉదయము పది గంటలకు ఆరంభించిరి. జానునకు జలుబు, గొంతు నొప్పి. పాలు త్రాగుచు, బిళ్లలు చప్పరించుచు పాడెను. మధ్యాహ్నము యంత్రమువద్ది పనివారు భోజనమునకు పోగా వీరు పాలతో కడుపు నింపుకొని సాధన సాగించిరి. రాత్రి పది గంటలు దాటునప్పటికి తొమ్మిది అయినవి. పదవది బొబ్బరించి పాడవలసినది, గొంతు చీల్చునది. అందుచేతనే దానిని తుదకు ఉంచిరి. జాను చొక్కా విప్పి ఒక్క ఊపున పాడెను. రెండవమారు యత్నించునప్పటికి గొంతు పలుకలేదు. మొదటిదియే పలకపై నిలిచినది. నేటికిని వినవచ్చును, ఆ కంఠమున గరుకుతనము తెలియును.

ఒక్క దినమున పది పాటలు! ఆ దినమున వారిలో పెద్దవారిద్దరికి ఇరువదిరెండేండ్లు, పాలునకు ఇరువది, జార్జికి పందొమ్మిది. ఆ పలక మార్చి 22వ తేదీన వెలువడి, ఇంగ్లాండున ముప్పది వారములు ప్రథమస్థానమున నిలిచినది. పదునాలుగింట ఎనిమిది పాటలు జాను, పాల్ కట్టినవి, తక్కినవి ఇతరులవి. ఒక్క దినపు పని అని పత్రికలవారు వ్రాయుచుందురు. చర్చి ఉత్సవమునుండి లెక్కించిన అయిదేండ్ల ఏడు నెలల పని. బీటిల్సు అను పేర ప్రసిద్ధికెక్కినవారు వీరే. వారిలోని జార్జి తరువాత పండిత రవిశంకరుగారి వద్ద సితారు నేర్చుకొనుటకు మన దేశమునకు వచ్చి శిష్యుడై కూర్చుండెను.

ఇంగ్లాండు పిల్లలకు చెల్లినది మనకు చెల్లునా యని అడుగుదురేమో. పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాసుగారిని తలంచుకొనుడు. తండ్రి సత్యనారాయణగారు వాద్యకారుడు. ఆరేండ్ల ప్రాయమున తండ్రిగారి మాండలిను ఎత్తుకొని వాయించుచుండగా, చెంబై వైద్యనాథ భాగవతారుగారి శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు చూచి శిక్షణకు పూనుకొనిరి. గురువుగారికి మాండలిను వాయించుట రాదు. ఆయన పాడును, బాలుడు అది తంత్రులపై పలికించును. విదేశపు వాద్యమున గమకము పలుకుట దుర్లభము కనుక జంటతంత్రులు తీసివేసి, ఒంటి తంత్రులు అయిదు కట్టి, విద్యుత్తుతో నాదము నిలుచునట్లు చేసికొనెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో తొలి కచేరి. మాండలిను కర్ణాటక సంగీతమునకు తగదని తలయూచినవారే పిమ్మట ఆ పేరును ఆయన ఇంటిపేరుగా చేసి పిలిచిరి. 2014లో నలుబదియైదేండ్లకే ఆయన కన్ను మూసెను. అంతకు ముందు ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లినుగారి ప్రక్కన కూర్చుండి ఏండ్ల తరబడి వాయించెను.

గిటారుతో తెలుగు పలుకదనుటయు పొరపాటు. హైదరాబాదునందలి చౌరస్తా అను యువకబృందము 2020లో కరోనా జాగ్రత్తలను గూర్చి పల్లెమాటలలో పాడిన పాట చేతిఫోనులలో పల్లె పల్లెకు చేరినది.

ఈ సంగతులన్నియు నేను ధారూరు తాతగారికి మఱల కలిసినపుడు చెప్పితిని. బ్రతుకుతెరువు సంగతి నేను పూచీపడలేనని, మిమీగారి మాట నూటికి తొంబదిమందిపట్ల నిజమేనని, లివర్‌పూలులో ఆ కాలమున గిటారు పట్టిన పిల్లలలో పెక్కుమంది పిదప దుకాణములలోను, రేవులోను పనులకు పోయిరని కూడ దాచక చెప్పితిని. చదువు మానుటకు ఒప్పుకొనవద్దంటిని. మనుమడు రికార్డు మాట ఎత్తినప్పుడెల్ల, ఈ వారము నలుగురును కలిసి ఎన్ని గంటలు వాయించితిరి, ఎవరి యెదుట వాయించితిరి అని మాత్రము అడుగుడంటిని.

ఆయన చాలసేపు మాటలాడలేదు. చుట్ట ఆరిపోయినది, మరల ముట్టించుకొనెను. తరువాత ఆ చొక్కా విప్పి పాడిన పిల్లవాని గొంతు బాగైనదా యని అడిగెను. బాగైనదంటిని. ఇంటి వెనుక పశువుల కొట్టము ప్రక్కన ఎరువుల బస్తాలు వేయు గది యొకటి ఉన్నదనియు, అక్కడ వాయించిన చప్పుడు ముందరింటికి వినరాదనియు తనలో తాననుకొన్నట్లు పలికెను.

“కందులు అమ్మినంక చూస్త” అని లేచెను.